అమెరికా అనస్తీషియా నర్సు చదువు: అపోహలు – వాస్తవాలు

సూరారం, మైసమ్మగూడ, ఘన్‌పూర్, శామీర్‌పేట... హైదరాబాద్ ఉత్తరపు అంచున ఎటు తిరిగినా మెడికల్, నర్సింగ్, పారామెడికల్ కాలేజీల బోర్డులకు కొదవ లేదు. ఇంటర్ బైపీసీ పూర్తిచేసిన పిల్లలున్న ఇళ్లలో ఈ బోర్డుల చుట్టూనే లెక్కలు సాగుతుంటాయి. ఆ లెక్కల్లోకి ఇప్పుడు అమెరికాలో మత్తు ఇచ్చే నర్సు ఉద్యోగం కూడా వచ్చి చేరింది. అక్కడి కార్మిక శాఖ గణాంకాల ప్రకారం నర్స్ అనస్తటిస్టుల మధ్యస్థ వార్షిక వేతనం రెండు లక్షల డాలర్లు దాటింది కాబట్టి ఆశ పుట్టడంలో వింతేమీ లేదు. చిక్కంతా ఆ ఆశ వెంట వచ్చిన నమ్మకాలతోనే. డాక్టరేట్ అన్నారు కనుక ముందు ఎమ్మెస్సీ ఉండాలని ఒకరు, బీఎస్సీ అనస్తీషియా టెక్నాలజీ చదివితే సగం దారి దాటినట్టేనని ఇంకొకరు, థియేటర్‌లో అనుభవం ఉంటే చాలని మరొకరు చెబుతుంటారు. ఈ మాటలన్నిటికీ మూలం ఒకటే. మనకు ప్రవేశం అంటే మార్కులు, ర్యాంకు, సీటు. ఈ కోర్సు నిబంధనలు రాసినవాళ్లు చూసేది మాత్రం మంచం పక్కన ఒంటరిగా నిర్ణయం తీసుకోవడం ఇప్పటికే నేర్చుకున్న, లైసెన్సు ఉన్న నర్సు కోసం. ఆ సంగతి మనసులో పెట్టుకుని చదివితే నిబంధనల్లో అర్థంకానిది పెద్దగా ఏమీ ఉండదు.

డాక్టరేట్ అనే మాటతోనే మొదలుపెడదాం. అమెరికాలో ఈ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ కౌన్సిల్ ఆన్ అక్రెడిటేషన్. 2022 జనవరి 1 నుంచి కొత్తగా చేరే ప్రతి విద్యార్థీ డాక్టరేట్ స్థాయి కోర్సులోనే చేరాలని అది నిర్ణయించింది. అంతకుముందు మాస్టర్స్‌తోనే ఈ వృత్తిలోకి వచ్చేవారు. పేరు మారింది గానీ అది పీహెచ్‌డీ కాలేదు. డీఎన్‌పీ, డీఎన్‌ఏపీ అనే ఈ పట్టాలు వైద్యసేవకు సంబంధించినవి. పరిశోధనా గ్రంథం రాసి మౌఖిక పరీక్షకు నిలబడే తంతు వీటిలో ఉండదు. కనీసం 36 నెలల చదువు, కనీసం రెండువేల గంటల క్లినికల్ పని, విద్యార్థి స్వయంగా పాలుపంచుకున్న కనీసం ఆరువందల మత్తు కేసులు ఉంటాయి. ఆ తర్వాత జాతీయ సర్టిఫికేషన్ పరీక్ష. చేరడానికి అడిగే చదువు బ్యాచిలర్ డిగ్రీయే. నర్సింగ్‌లో గానీ తగిన మరో సబ్జెక్టులో గానీ డిగ్రీ ఉంటే చాలని కౌన్సిల్ నిబంధన. చాలా కాలేజీలు మాత్రం నర్సింగ్ డిగ్రీనే కావాలంటాయి. ఇక్కడ ఎమ్మెస్సీ నర్సింగ్ చేసినంత మాత్రాన నష్టం లేదు, కానీ ఈ ప్రవేశం కోసమే రెండేళ్లు దానికి పెడితే అవసరం లేని పని చేసినట్టే. జీఎన్‌ఎమ్ డిప్లొమా ఒక్కటే ఉన్నవారికి మాత్రం పోస్ట్ బేసిక్ బీఎస్సీ లాంటిది పూర్తిచేసి డిగ్రీ అనిపించుకోక తప్పదు.

అన్నిటికంటే ఖరీదైన అపోహ బీఎస్సీ అనస్తీషియా టెక్నాలజీ గురించినది. పేరులోనే అనస్తీషియా ఉంది, పని ఆపరేషన్ థియేటర్‌లో, చేతిలో ఉండేవి మత్తు యంత్రాలు. ఇంతకంటే దగ్గరి చదువు ఏముంటుంది అనిపించడం సహజం. కానీ మన దేశంలో ఆ కోర్సు చదివినవారు నర్సులు కారు. వారిది 2021 నాటి అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం కిందికి వచ్చే వేరే వృత్తి. నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉండదు, అమెరికా నర్సు లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్ రాసే అర్హతా ఉండదు. లైసెన్సు లేకపోతే అనస్తీషియా నర్సు కోర్సుకు దరఖాస్తు దాకా కూడా వెళ్లలేరు. ఆ డిగ్రీ పనికిరానిదని దీని అర్థం కాదు. మన ఆసుపత్రుల్లో ఆ టెక్నాలజిస్టుల అవసరం చాలా ఉంది. అమెరికాలో అనస్తీషియాలజిస్ట్ అసిస్టెంట్ అనే మరో వృత్తి ఉన్న మాటా నిజమే. అయితే దాని మాస్టర్స్ కోర్సుకు మెడిసిన్‌కు ముందు చదివే సైన్సు సబ్జెక్టులు కావాలి, పైగా కొన్ని రాష్ట్రాల్లోనే వారికి పనిచేసే వీలుంది. పదిహేడేళ్ల పిల్ల ఏ కోర్సు ఎంచుకోవాలో తేల్చుకునే జూన్ నెలలోనే ఈ తేడా తెలియాలి. నాలుగేళ్ల తర్వాత తెలిస్తే నర్సింగ్ మళ్లీ మొదటి సంవత్సరం నుంచే చదవాలి.

లైసెన్సు సరే, అనుభవం మాటేమిటి? కనీసం ఒక ఏడాది పూర్తికాలం, లేదా దానికి సమానమైన పార్ట్‌టైమ్, క్రిటికల్ కేర్‌లో రిజిస్టర్డ్ నర్సుగా పనిచేసి ఉండాలన్నది నిబంధన. థియేటర్ నర్సులకు మింగుడుపడనిది ఇదే. మత్తు డాక్టర్ పక్కన పదేళ్లు నిలబడ్డవారిని కాదని, ఆపరేషన్ ముఖమే చూడని ఐసీయూ నర్సును తీసుకోవడం ఏం న్యాయం అని అడుగుతారు. జవాబు ఆ పక్కన నిలబడటంలోనే ఉంది. థియేటర్‌లో నర్సు పనిముట్లు అందించవచ్చు, గది వ్యవహారాలు చూడవచ్చు. ఊపిరి, బీపీ, మత్తు లోతు గురించిన నిర్ణయం మాత్రం మరొకరిది. ఐసీయూలో రాత్రి రెండింటికి ధమని గొట్టం చూపే బీపీ పడిపోతుంటే, అది నిజంగా పడిపోతోందా, గొట్టం మడతపడిందా, నార్‌ఎపినెఫ్రిన్ పెంచాలా, రక్తం పోతోందా అని మొదట ఆలోచించేది మంచం దగ్గరున్న నర్సే. కౌన్సిల్ తన నిర్వచనంలో ఏరికోరి పేర్కొన్నవీ ఇవే: నిలకడలేని రోగులు, శరీరంలోకి అమర్చిన గొట్టాలతో తీసే కొలతలు, వెంటిలేటర్లు, ఐసీయూ మందులు. గుండె, శస్త్రచికిత్స, వైద్య, పిల్లల, నవజాత శిశువుల ఐసీయూలు ఉదాహరణలుగా ఇచ్చింది. వేరే విభాగాలవారు ఇదే సామర్థ్యం చూపగలిగితే పరిశీలించవచ్చని కూడా అంది గానీ, ఆ సందులోంచి దూరినవారు తక్కువ. ఇంకో మాట, ఏడాది అన్నది కనీసం మాత్రమే. పోటీలో గట్టిగా నిలిచేవారికి అంతకంటే ఎక్కువ అనుభవమే ఉంటుంది.

అసలు దెబ్బ ఆ తర్వాతి వాక్యంలో ఉంది. ఆ క్రిటికల్ కేర్ అనుభవం అమెరికాలోనో, దాని అధీనంలోని ప్రాంతాల్లోనో, విదేశాల్లోని అమెరికా సైనిక ఆసుపత్రిలోనో సంపాదించినదై ఉండాలి. ఘన్‌పూర్ ఐసీయూలో అయిదేళ్లు చేసినా, సికింద్రాబాద్ కార్పొరేట్ ఆసుపత్రిలో ఎనిమిదేళ్లు చేసినా దరఖాస్తులో అనుభవం రాసే గడిలో సున్నాయే. అక్కడి రోగి గుండె వేరే రకంగా కొట్టుకుంటుందా అని ఎవరైనా అడిగితే తప్పు పట్టలేం. ఈ నిబంధన మొరటుది. మనిషి సామర్థ్యాన్ని కొలవకుండా ఆసుపత్రి చిరునామాను చూస్తుంది. జాతీయ రహదారి 44 మీద జరిగే ప్రమాదాల కేసులు చూసిన నర్సుకు, ప్రశాంతమైన చిన్న పట్టణపు అమెరికన్ ఐసీయూ నర్సు కంటే గాయాల అనుభవం ఎక్కువగానే ఉండవచ్చు. అయినా నిబంధన వెనుక ఒక తర్కం ఉంది. మన ఐసీయూల్లో చాలాచోట్ల డ్యూటీ డాక్టర్ అందుబాటులో ఉంటాడు, మందు మోతాదు మార్చే మాట అతని నోటి నుంచే వస్తుంది. అక్కడ రాతపూర్వకంగా ఇచ్చిన హద్దుల్లో మోతాదు పెంచడం, తగ్గించడం నర్సు పని. తప్పు జరిగితే లైసెన్సు బోర్డు ముందు నిలబడేదీ ఆమే. అక్కడి చట్టం కింద మత్తు ఇవ్వబోయే మనిషి ముందు అదే చట్టం కింద బాధ్యత మోసి ఉండాలనడం అర్థమయ్యే కోరికే. ఈ ఆలోచన మనకు పరాయిదేమీ కాదు కూడా. భారత నర్సింగ్ కౌన్సిల్ రూపొందించిన నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ క్రిటికల్ కేర్ అనే రెండేళ్ల రెసిడెన్సీ మాస్టర్స్‌కు కూడా బీఎస్సీ నర్సింగ్, రిజిస్ట్రేషన్‌తో పాటు ఆసుపత్రి అనుభవం అడుగుతారు. నేరుగా తరగతి గదిలోంచి వచ్చి చేరే కోర్సు అదీ కాదు.

ఇంతకూ మత్తు ఇవ్వడం డాక్టర్ల పని కదా, నర్సుకు అప్పగించడమేమిటన్న అనుమానం చదువుకున్నవారిలోనే ఎక్కువ. మన దేశం వరకు ఆ అనుమానం సరైనదే. ఇక్కడ మత్తు వైద్యం అనస్తీషియాలో పీజీ చేసిన డాక్టర్లది, నర్సుకు ఆ హోదా ఇచ్చే డాక్టరేట్ కోర్సు ఇక్కడ లేదు. కానీ ఈ విద్య ఎవరి చేతుల్లో ఉండాలన్నది ఒక్కో దేశం ఒక్కో విధంగా తేల్చుకుంది. నిజాం కాలపు హైదరాబాద్‌లో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం ప్రయోగాలు, 1888, 1889 నాటి క్లోరోఫాం కమిషన్లు ప్రపంచ వైద్య చరిత్రలో చోటు సంపాదించాయి. హైదరాబాద్ వైద్య పాఠశాలలోనే చదివిన రూపాబాయి ఫర్దూన్‌జీని ప్రపంచంలో తొలి మహిళా మత్తు వైద్యురాలిగా చెబుతారు. ఆమె డాక్టరే. ఆ తరంలోనే అమెరికాలో సర్జన్లైన మేయో సోదరుల దగ్గర ఆలిస్ మాగా అనే నర్సు మత్తు ఇచ్చేది. 1906లో ఆమె ప్రకటించిన లెక్కలో పద్నాలుగువేల పైచిలుకు కేసుల్లో మత్తు వల్ల ఒక్క మరణం కూడా లేదు. నర్సు మత్తు ఇవ్వడం డాక్టర్ వృత్తిని అక్రమంగా చేయడమేనని వేసిన దావాను 1936లో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు కొట్టేసింది. దీన్ని చూసి డాక్టరేట్ వస్తే ఎవరి పర్యవేక్షణా అక్కర్లేదని అనుకోవడం మళ్లీ ఇంకో అపోహ. డాక్టర్ పర్యవేక్షణ ఉండాలన్న కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం మెడికేర్ షరతు నుంచి తప్పుకునే వీలు 2001లో రాష్ట్రాలకు దొరికింది. అయోవా మొదట తప్పుకుంది, తర్వాత ఇరవైకి పైగా రాష్ట్రాలు ఆ దారి పట్టాయి, మిగతావి పట్టలేదు. పట్టాను బట్టి కాదు, పనిచేసే రాష్ట్రాన్ని బట్టి, ఆసుపత్రిని బట్టి స్వేచ్ఛ మారుతుంది.

మార్కుల విషయం త్వరగా ముగించవచ్చు. చాలాచోట్ల నాలుగుకు మూడు జీపీఏ కనీసం, సైన్సు సబ్జెక్టుల మార్కులు విడిగా చూస్తారు. జీఆర్‌ఈని కొన్ని కాలేజీలు వదిలేశాయి, కొన్ని ఇంకా అడుగుతున్నాయి. క్రిటికల్ కేర్ నర్సులకిచ్చే సీసీఆర్‌ఎన్ సర్టిఫికేట్ ఉంటే బలం. అనస్తీషియా నర్సు వెంట ఒకటి రెండు రోజులు ఉండి పని చూశారా అని కూడా చాలామంది అడుగుతారు. ఇంటర్వ్యూల్లో ఫలానా మందు ఎందుకు ఇచ్చారు, ఇచ్చాక ఏం జరిగింది అన్న ప్రశ్నలకు బట్టీ జవాబులు పనిచేయవు.

ప్రకటనల్లో కనిపించని అడ్డంకి వీసా. నర్సులది షెడ్యూల్ ఏ వృత్తి కనుక గ్రీన్‌కార్డు వెంటనే వస్తుందని నమ్మేవారు చాలామంది. షెడ్యూల్ ఏ వల్ల తప్పేది కార్మిక శాఖ ధ్రువీకరణ అనే ఒక్క మెట్టు. వరుస తప్పదు. నర్సులు ఎక్కువగా దరఖాస్తు చేసే ఈబీ-3 విభాగంలో భారతీయుల వరుస దశాబ్దానికి పైగా వెనకబడి ఉంది. ఎన్‌క్లెక్స్‌ను హైదరాబాద్‌లోనే రాయవచ్చు, ఇంగ్లీషు పరీక్ష, పత్రాల పరిశీలన ఇక్కడి నుంచే పూర్తిచేయవచ్చు. ఇవన్నీ ముగిశాక కూడా అమెరికా ఐసీయూలో ఉద్యోగం చేసే హక్కు చేతికి రావడానికి ఏళ్లు పడతాయి. మామూలు స్టాఫ్ నర్సు ఉద్యోగానికి హెచ్‌1బీ దొరకడం కష్టం. విద్యార్థి వీసా మీద నేరుగా ఈ కోర్సులో చేరదామంటే, చేరకముందే ఆ ఏడాది ఐసీయూ ఉద్యోగం ఎక్కడ చేశారని అడుగుతారు. అందుకే ఈ దారి మన తెలుగువాళ్లలో ముందుగా తెరుచుకునేది ఇక్కడి కాలేజీలోంచి నేరుగా వెళ్లేవారికి కాదు. భర్త హెచ్‌1బీ మీద ఉండి, గ్రీన్‌కార్డు కోసం కంపెనీ వేసిన ఐ-140 పిటిషన్ ఆమోదం పొంది, తనకు హెచ్‌4 పని అనుమతి వచ్చిన భార్యలకో, అక్కడే పుట్టిపెరిగిన పిల్లలకో ఇది దగ్గర. అలాంటివారికి వేరే డిగ్రీ ఉన్నా ఏడాదిన్నర లోపు నర్సింగ్ డిగ్రీ ముగించే వేగవంతమైన కోర్సులున్నాయి. డాలస్‌లో ఉన్న వదిన చేసిందంటే శామీర్‌పేటలో ఉన్న మరదలికీ అంతే సులువని అనుకోకూడదు. ఇద్దరి చేతుల్లో ఉన్న కాగితాలు వేరు.

డబ్బు లెక్క కూడా ముందే వేసుకోవాలి. ట్యూషన్ ఒక్కటే చాలా కాలేజీల్లో లక్ష డాలర్లు దాటుతుంది. అక్కడి కేంద్ర ప్రభుత్వ విద్యారుణాలు పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికే ప్రధానంగా అందుతాయి. ఉద్యోగం చేస్తూ చదువుకోవచ్చులే అనుకుంటే, ఆ మూడేళ్లలో ఉద్యోగం వద్దని కాలేజీలే గట్టిగా చెబుతాయి.

ఇదంతా విని మేడ్చల్ ఐసీయూలో పనిచేయడం దండగని తేల్చేవారికి ఒక మాట. ఆ గడిలో సున్నా పడినా పని వృథా కాదు. ఎన్‌క్లెక్స్‌కు తయారవడానికి, అక్కడి ఐసీయూలో మొదటి ఉద్యోగం దొరకడానికి, ఆ తర్వాతి ఇంటర్వ్యూలో మాట్లాడటానికి ఇక్కడి అనుభవమే పెట్టుబడి. వెంటిలేటర్ మీదున్న రోగిని చూసుకోవడం కొత్తగా నేర్చుకునే మనిషికీ, అలవాటైన చేతులకూ తేడా అక్కడి నర్సింగ్ మేనేజర్లకు తెలుసు. వరుసలో నిరీక్షించే ఏళ్లను వార్డులో గడపడం కంటే ఐసీయూలో గడపడమే మేలు. సీటు ఇప్పిస్తామనే కన్సల్టెన్సీ తలుపు తట్టేవారు అడగాల్సినవి కూడా రెండే. ఆ కాలేజీ పేరు కౌన్సిల్ ఆన్ అక్రెడిటేషన్ జాబితాలో ఉందా? లోపలికి వెళ్లడానికి కావలసిన ఆ ఏడాది ఐసీయూ ఉద్యోగం ఏ రాష్ట్రంలో, ఏ వీసా మీద చేయిస్తారు? జాబితా ఎవరైనా ఉచితంగా చూసుకోవచ్చు. రెండో ప్రశ్నకు కాగితం మీద జవాబు రాసివ్వనివారికి అడ్వాన్స్ కట్టాల్సిన పని లేదు.