చేతివేళ్లు మొరాయిస్తుంటే తుపాకీ ఎంపిక ఎలా?

ఇర్వింగ్ (టెక్సాస్): డాలస్ చుట్టుపక్కల మనవాళ్ల విందుల్లో ఇళ్ల ధరలు, గ్రీన్‌కార్డు, పిల్లల చదువుల కబుర్లతో పాటు ఇప్పుడు తుపాకీ మాటా వినిపిస్తోంది. 2023 మే 6న అలెన్ మాల్‌లో జరిగిన కాల్పులు ఎనిమిది మందిని బలిగొన్నాయి. వారిలో మన తెలుగమ్మాయి కూడా ఉంది. ఆ తర్వాత ‘మనమూ ఒకటి దగ్గర ఉంచుకుంటే?’ అన్న ప్రశ్న చాలా ఇళ్లలో మొదలైంది. మా ఇంట్లోనూ అంతే.

నా విషయంలో ఇంకో చిక్కుంది. నాకు 46 ఏళ్లు. రోజంతా కీబోర్డు మీద పని. నాలుగేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్. పొద్దున్నే పచ్చడి సీసా మూత తియ్యాలన్నా మా ఆవిడను పిలవాల్సిందే. ఇలాంటి చేత్తో తుపాకీ పట్టొచ్చా? పడితే ఎలాంటిది? ఏడాదిపాటు తిరిగి తెలుసుకున్న సంగతులివి.

ముందు వీసా, తర్వాతే తుపాకీ

హెచ్1బీ, హెచ్4, ఎఫ్1, బీ2 లాంటి తాత్కాలిక వీసాలపై ఉన్నవారు తుపాకీ గానీ, తూటాలు గానీ కలిగి ఉండటాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తోంది. వేట లైసెన్సు వంటి కొన్ని మినహాయింపులు ఉన్నా, లాయర్‌ను అడగకుండా వాటిని నమ్ముకోవద్దు. గ్రీన్‌కార్డుదారులకు, పౌరులకు ఈ అడ్డంకి లేదు. మన దగ్గరికి వచ్చిన అమ్మానాన్నల చేతికి సరదాకైనా ఇవ్వకండి.

టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్లు నిండి, చట్టపరంగా ఏ నిషేధమూ లేనివారు లైసెన్సు లేకుండానే చేతి తుపాకీ వెంట ఉంచుకోవచ్చు. అయినా లైసెన్సు తీసుకోవడమే మేలు. బడి ఆవరణ నుంచి 1,000 అడుగుల లోపు తుపాకీ ఉండకూడదన్నది ఫెడరల్ నిబంధన. ఆ దారిలో వెళ్లేందుకు రాష్ట్ర లైసెన్సు ఉన్నవారికి మినహాయింపు ఉంటుంది. బడి లోపలికి మాత్రం ఎవరూ తీసుకెళ్లకూడదు.

లైసెన్సు వల్ల మాలాంటి వారికి మరో ప్రయోజనం ఉంది. 3, 7, 15 గజాల దూరం నుంచి మొత్తం 50 తూటాలు పేల్చి 250కి 175 మార్కులు తెచ్చుకోవాలి. గురి కన్నా, 50 సార్లు వెనక్కి తన్నే తుపాకీని బిగించి పట్టుకోవడమే మనకు అసలు పరీక్ష. మన చెయ్యి ఎంతవరకు తట్టుకుంటుందో అక్కడే తేలిపోతుంది.

చిన్నదైతే సులువా?

‘చేతులు నొప్పంటున్నారుగా, చిన్నది తీసుకోండి’ అంటారు చాలామంది. నిజానికి జరిగేది తలకిందులు. తేలికైన తుపాకీలో తూటా తన్నే దెబ్బంతా మణికట్టుకే తగులుతుంది. కాస్త బరువున్నది ఆ దెబ్బలో కొంత తానే మింగుతుంది. జేబులో పట్టే చాలా పిస్టళ్లలో స్ప్రింగు మరీ గట్టిది. పైనుండే స్లైడ్‌ను వెనక్కి లాగడమే గగనం.

‘అయితే రివాల్వర్’ అన్నది రెండో సలహా. అందులో లాగడానికి స్లైడ్ ఉండదు, నిజమే. కానీ ట్రిగ్గర్ నొక్కడానికి దాదాపు ఐదు కిలోల ఒత్తిడి కావాలి. చూపుడువేలి కణుపు వాచి ఉంటే అది అయ్యే పని కాదు. బొటనవేలి మొదట్లో నొప్పి ఉండి, చూపుడువేలు బాగున్నవారికి మాత్రం పనికి రావచ్చు.

ఈ ఇబ్బంది గుర్తించి తయారుచేసినవీ ఉన్నాయి. స్మిత్ అండ్ వెసన్ 2018లో తెచ్చిన ఎం అండ్ పీ 380 షీల్డ్ ఈజడ్, రూగర్ సెక్యూరిటీ-380 వంటి వాటిలో స్లైడ్ తేలిగ్గా కదులుతుంది. బెరెట్టా టామ్‌క్యాట్‌లో స్లైడ్ లాగకుండానే గొట్టాన్ని పైకి లేపి తొలి తూటా పెట్టొచ్చు. అయితే షీల్డ్ ఈజడ్ పిడి వెనుక మరో సేఫ్టీ ఉంది. అరచేత్తో గట్టిగా అదిమితేనే పేలుతుంది. పట్టు సడలే చేతికి ఇదీ సమస్యే. 2020 మార్చి, అక్టోబర్ మధ్య తయారైన షీల్డ్ ఈజడ్‌లను హ్యామర్ లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిపించింది. పాతది కొనేవారు సీరియల్ నంబరు సరిచూసుకోవాలి.

నొప్పి ఉన్న పూటే వెళ్లండి

సాయంత్రానికి నా వేళ్లు కాస్త వదులవుతాయి. అందుకే దుకాణానికీ, రేంజ్‌కూ పొద్దున్నే వెళ్లాను. చెయ్యి అధ్వానంగా ఉన్న రోజు కుదిరినదే మనకు కుదిరినట్టు. ఖాళీ తుపాకీతో, దుకాణం వాళ్ల అనుమతితో ఇవి చూసుకోండి:

• స్లైడ్‌ను వరుసగా పదిసార్లు లాగగలరా? వేళ్లతో గిల్లినట్టు కాకుండా, ఒక అరచేత్తో స్లైడ్‌ను పట్టి, రెండో చేత్తో తుపాకీని ముందుకు తోస్తే బలం తక్కువ చాలు.

• సేఫ్టీ, మ్యాగజైన్ మీటలు బొటనవేలికి అందుతున్నాయా?

• మ్యాగజైన్‌లో తూటాలు నింపగలరా? అందుకు చిన్న లోడర్ పరికరం దొరుకుతుంది.

ఆ తర్వాత అద్దెకు తీసుకుని పేల్చి చూడండి. మణికట్టు వదులైతే పిస్టల్ మధ్యలో ఇరుక్కుపోవచ్చు. రుమటాలజిస్టుకూ, హ్యాండ్ థెరపిస్టుకూ మీ ఆలోచన దాచకండి. మగత తెచ్చే మందులు వాడుతుంటే ఆ సంగతి మరీ ముఖ్యం.

ఇంట్లో పిల్లలుంటే

తూటాలున్న తుపాకీ నిర్లక్ష్యం వల్ల 17 ఏళ్ల లోపు పిల్లల చేతికి చిక్కితే టెక్సాస్‌లో నేరం. తాళంచెవి తిప్పడం కష్టమైన మాలాంటి వారికి మీటలు నొక్కే లాకర్ నయం. వాచిన వేలిముద్రను సెన్సర్ ఒక్కోసారి గుర్తించదు. మరో మాట. అమెరికాలో తుపాకీ మరణాల్లో సగానికి పైగా ఆత్మహత్యలే. ఏళ్ల తరబడి నొప్పి మనసును కుంగదీస్తుంది. ఇంట్లో ఎవరైనా దిగులుతో ఉంటే ఇప్పుడు తుపాకీ వద్దు. ఉంటే బయట భద్రపరచండి. 988కి ఫోన్ చేస్తే 24 గంటలూ సాయం అందుతుంది.

చివరికి నేను స్లైడ్ తేలిగ్గా కదిలే .380 తీసుకున్నాను. పొద్దున లేచాక పిడికిలి పూర్తిగా బిగిస్తేనే అది లాకర్ దాటుతుంది. బిగియని రోజు ఇంట్లోనే. అలాంటి రోజులు నెలలో అయిదారు ఉంటాయి. పట్టు నిలవని చేతిలోని తుపాకీ పక్కనున్న నా వాళ్లకే ముందు ప్రమాదం. ఎక్కువ రోజులు పిడికిలి బిగియనివారు తుపాకీ వద్దనుకుంటే అందులో చిన్నతనమేమీ లేదు. తలుపులకు మంచి తాళాలు, వాకిట్లో దీపాలు, చేతిలో పెప్పర్ స్ప్రే, 911... వాటికి ఇంత పట్టు అక్కర్లేదు.