ఎండాకాలంలో టమాట పూత ఎందుకు రాలిపోతుంది?

ప్రొద్దుటూరు మిద్దె మీద ఏప్రిల్‌లో టమాట మొక్క నిండా పూస్తుంది. పిందె మాత్రం నిలవదు. ఎందుకు? పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా వేడి తగ్గకపోతే పూలలోని పుప్పొడి సత్తువ కోల్పోతుంది. ఒకే పువ్వులో మగ, ఆడ భాగాలు రెండూ ఉన్నా ఫలదీకరణ జరగదు, పువ్వు రాలిపోతుంది. జమ్మలమడుగు, పులివెందులలో వేసవి ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. అందుకే ఎన్ని నీళ్లు పోసినా లాభం ఉండదు.

మరి ఎలా? సెప్టెంబరులో నారు పోయండి. నెల తిరిగేలోపు కుండీలోకి మార్చితే, నవంబరు చల్లదనంలో పూత వస్తుంది. పూసిన కొమ్మను ఉదయంపూట మెల్లగా తట్టండి, పుప్పొడి రాలి పిందె బాగా కడుతుంది.

ఏ రకం? పచ్చడికి, చారుకు నాకు పుల్లటి నాటు టమాటే ఇష్టం. బాగా పండిన కాయ గింజలను గుజ్జుతో రెండు రోజులు పులియబెట్టి, కడిగి, నీడలో ఆరబెడితే మరుసటి ఏటికి విత్తనం సిద్ధం.

తెల్లదోమ ఆకుముడత వైరస్‌ను మోసుకొస్తుంది. ఆ బెడద ఉన్నచోట, బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ రూపొందించిన అర్క రక్షక్ మేలు. ఆకుముడత, ఎండు తెగులు, ఆకుమచ్చ మూడింటినీ తట్టుకుంటుంది. కాకపోతే అది హైబ్రిడ్. దాని గింజలు దాచి నాటితే అన్నీ తల్లి మొక్కలా రావు, ఏటా కొత్త విత్తనం కొనాల్సిందే.