స్టోర్నవే: మెకంజీ పుట్టిన రేవు

గుంటూరు సీమ గ్రామమైనను, కడప మండలపు పల్లెయైనను, దాని పూర్వచరిత్ర తెలియగోరువారు మొదట వెదకునది మెకంజీ కైఫీయతు. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల తోడ్పాటుతో కల్నల్ కాలిన్ మెకంజీ ఆ మహాసేకరణమును సాగించిన సంగతి మనకు సుపరిచితమే. ఆయన ఏ యూరివాడో ఎరిగినవారు మాత్రము అరుదు. స్కాట్లండునకు వాయవ్యమున లూయిస్ అను దీవి కలదు. దాని తూర్పు తీరమునందలి చిన్న రేవుపట్టణమైన స్టోర్నవేలో 1754 ప్రాంతమున ఆయన జన్మించెను. అచ్చటి సుంకపు కచేరీలో కొంతకాలము ఉద్యోగము చేసి, 1783లో మద్రాసు చేరెను. 1815లో భారతదేశపు మొదటి సర్వేయరు జనరల్ అయ్యెను. 1821లో బెంగాలులో కన్నుమూయువరకు స్వస్థలమును మరల చూడలేదు.

సముద్రము దాటి పోయినవారు తిరిగి వత్తురో రారో అని ఇంటివారు ఎదురుచూచుట ఆ యూరికి కొత్త కాదు.

స్టోర్నవే అను పేరు నార్వే నావికుల భాష నుండి వచ్చినది. 1266 వరకు ఆ దీవి నార్వే రాజుల అధీనమున ఉండెను. తరువాత మాక్లియాడ్ వంశీయులు, 1610 మొదలు మెకంజీ వంశీయులు దానిని ఏలిరి. నేటికిని అచ్చట ఇంగ్లీషుతోపాటు గేలిక్ భాష వినిపించును.

రేవునకు ఎదురుగా చెట్ల నడుమ కానవచ్చు లూస్ కోట పేరునకే కోట, కట్టించినవాడు వర్తకుడు. 1844లో దీవినంతను కొన్న జేమ్సు మాథిసన్ దానిని నివాసముగా నిర్మించుకొనెను. మన దేశమున పండిన నల్లమందును చైనాకు చేరవేసి అమ్మిన వ్యాపారమే ఆయన సంపదకు మూలము. ఆ మేడ అందమును మెచ్చుకొనునపుడు ఈ సంగతిని మరువరాదు. గాలి తాకిడికి చెట్లు అరుదైన ఆ దీవిలో ఆయన నాటించిన వనము మాత్రము నేడు ఊరివారికి విహారస్థలమైనది.

ఆ యూరి గుండెలో మానని గాయము ఐయొలేర్ అను ఓడది. ఆ మాటకు గేలిక్ భాషలో గ్రద్ద యని అర్థము. మొదటి ప్రపంచయుద్ధము ముగిసి ఏడు వారములైనది. నాలుగేండ్లు ప్రాణములతో మిగిలిన నావికులు సెలవుపై ఇండ్లకు బయలుదేరిరి. 1918 డిసెంబరు 31 రాత్రి ఐయొలేర్ సుమారు 280 మందితో ప్రధానభూమి నుండి సాగినది. ఇండ్లలో వారికై దీపములు వెలుగుచుండెను. తెల్లవారుజామున రెండు గంటలు కావచ్చుచుండగా, రేవునకు మైలు దూరమునైనను లేని చోట, ఓడ బండలను ఢీకొన్నది. ఒడ్డు కొద్ది గజములే! కాని చీకటి, ఉప్పొంగు అలలు. జాన్ మాక్లియాడ్ అను నావికుడు ఒక త్రాటిని పట్టుకొని ఒడ్డునకు ఈదెను. ఆ త్రాటి ఆధారముతో సుమారు నలువదిమంది బ్రతికి బయటపడిరి. 201 మంది మరణించిరి. యుద్ధభూమి విడిచిన కొడుకుల శవములను నూతన సంవత్సరదినమున తలిదండ్రులు ఒడ్డున వెదకుకొనిరి. ఆ దుఃఖమును గూర్చి బ్రతికినవారు పెక్కేండ్లు నోరు విప్పలేదట. ఆ బండల కెదురుగా హోమ్ అను చోట స్మారకస్తంభము కలదు. నూరేండ్ల సందర్భమున అచ్చట త్రాటి చుట్టను కంచులో పోతపోసి నిలిపిరి. ఆ యూరికి పోయినవారు ఇంకేమి చూడకున్నను దీనిని చూడవలెను.

1918లోనే దీవిని కొన్న సబ్బుల వర్తకుడు లెవర్‌హ్యూమ్ ప్రభువు చేపల పరిశ్రమను పెంచదలచెను. సైనికులకు కావలసినది సేద్యపు భూమి. ఆ పోరాటము తీరక 1923లో ఆయన వెడలిపోవుచు పట్టణమును, పరిసరగ్రామములను ప్రజలకే దానమిచ్చెను. నాటినుండి ఒక ట్రస్టు వాటిని పాలించుచున్నది.

కోట ప్రాంగణమునందలి మ్యూజియములో ఆరు చదరంగపు బొమ్మలు ముఖ్యముగా చూడదగినవి. 1831లో దీవి పశ్చిమతీరమున ఇసుకలో దొరికిన రాశిలోనివి. వాల్రస్ దంతముతో 12వ శతాబ్దమున నార్వేలో చెక్కినవని పండితుల ఊహ. అధికభాగము లండనులో, పదునొకండు ఎడింబరోలో ఉన్నవి. మన ఆటలో శకటు నిలుచుచోట అందులో క్రైస్తవ మతాధికారి, ఏనుగు నిలుచుచోట కాలిబంటు. వారిలో కొందరు రోషముతో డాలును కొరుకుచుందురు! 2017లో ఆ మ్యూజియముననే మెకంజీ సేకరణలతో ఒక ప్రదర్శన జరిగినది.

పట్టణము దాటి పడమటికి పోయినచో కాలనిష్ అనుచోట దాదాపు ఐదువేల ఏండ్లనాటి నిలువురాళ్లు కలవు. దారిపొడవున కొన్ని ఇండ్లలో మగ్గముల చప్పుడు వినవచ్చును. హారిస్ ట్వీడ్ అను ఉన్నిబట్ట ఈ దీవులవాసులు తమ ఇంట చేతిమగ్గముపై నేసినదే కావలెనని 1993 నాటి చట్టము. చేనేత విలువ ఎరిగిన మనకు ఆ కట్టుబాటు ముచ్చట గొలుపును.

ఉల్లపూల్ రేవునుండి ఓడలో రెండున్నర గంటల ప్రయాణము. విశ్రాంతిదినమును నిష్ఠతో పాటించు ఆ దీవిలో 2009 వరకు ఆదివారము ఓడ కదలెడిది కాదు. ఇపుడు కదలుచున్నది గాని, దుకాణములు పెక్కు మూసియే యుండును. కావున యాత్రికుడు శనివారమే కావలసినవి కొనిపెట్టుకొనుట మేలు.