పొలములో పాదరక్షలు: మార్చవలసిన సమయము

నాగటి కఱ్ఱు అరిగినచో రైతు దానిని కమ్మరి కొలిమికి గొనిపోవును. ఇరుసు పగిలిన బండికి బరువెత్తడు. పురి విడిన మోకుతో పొగరుబోతు గిత్తను కట్టడు. ఇంత జాగ్రత్త గల రైతు తన కాలిజోడు విషయమున మాత్రము ఉదాసీనుడై యుండుట మేము పెక్కు గ్రామములలో చూచుచున్నాము. వారు తెగినచో ఇనుపతీగతో ముడివేయును. అట్టకు చిల్లిపడినచో లోపల గోనెగుడ్డ దూర్చును. బూటు చీలినచో ఆ చీలిన బూటునే తొడిగికొని మందు కొట్టబోవును. పొలములో చెప్పులు వేసికొనుడని చెప్పువారు పలువురు గలరు. వేసికొన్న చెప్పులు ఎప్పుడు పనికిరానివగునో చెప్పువారు అరుదు. ఆ సంగతినే ఈ మాసము వివరింప దలచితిమి.

కాలికి గల అపాయములు

పొలములో కాలికి నాలుగు విధములైన అపాయములు గలవు. మొదటిది గ్రుచ్చుకొనునది. సర్కారు తుమ్మ ముల్లు, పల్లేరు కాయ, కోసిన కంది మోడు, జొన్న కొయ్య, సీసా పెంకు మొదలగునవి ఈ జాతివి. గాయము చిన్నదే యైనను మట్టిలోను పేడలోను ఉండు ధనుర్వాత క్రిములు దానిగుండా లోనికి పోగలవు.

రెండవది పాము. మన దేశములో 2000 మొదలు 2019 వఱకు పాముకాటు వలన సుమారు 12 లక్షలమంది, అనగా సంవత్సరమునకు సగటున 58 వేలమంది, మరణించిరని 2020లో ప్రకటింపబడిన ఒక పరిశోధన అంచనా వేసినది. ఇందు హెచ్చు భాగము పల్లెలలో సంభవించినవే. కాట్లలో అధికభాగము కాళ్ళకే పడును. 2030 నాటికి ఈ మరణములను సగమునకు తగ్గింపవలెనని భారత ప్రభుత్వము 2024లో ఒక జాతీయ కార్యప్రణాళికను ప్రకటించినది.

మూడవది మురికినేల, నిలువనీరు. మలముచే చెడిన తడినేలలో కొంకిపురుగు పిల్లలు వట్టికాలి చర్మముగుండా దూరి, తుదకు ప్రేవులకు చేరి, రక్తము పీల్చి మనిషిని పాలిపోవజేయును. ఎలుకల మూత్రము కలిసిన నీటిలోని లెప్టోస్పైరా అను సూక్ష్మజీవి కాలి పగుళ్ళగుండా ప్రవేశించి జ్వరమును, ముదిరినచో కామెరలను, మూత్రపిండముల వ్యాధిని కలిగించును.

నాల్గవది పురుగుమందు. ఇది నోటిద్వారా మాత్రమే గాక చర్మముద్వారా గూడ శరీరమున ప్రవేశించును. 2017లో ఆదిలాబాదు ప్రాంతమునకు ఆనుకొనియున్న యవత్మాల్ జిల్లాలో పత్తిచేలకు మందు చల్లుచు విషము సోకి సుమారు 20 మంది మరణించిరి. వందలకొలది జనులు ఆసుపత్రుల పాలైరి. ఒడలికి తగిన తొడుగులు లేకుండ మందు చల్లుట ఇట్టి ప్రమాదములకు ఒక ముఖ్య కారణము.

చెడిన జోడు చేయు కీడు

ఏదో ఒక జోడు కాలికున్నచో చాలునని కొందఱనుకొందురు. ఇది పొరబాటు. వట్టికాళ్ళతో నడచువాడు నేల చూచి అడుగువేయును. జోడు తొడిగినవాడు దానిని నమ్మి నడచును. ఆ జోడు అరిగిపోయి యున్నచో ఆ నమ్మకమే వానిని ముంచును. మందు కొట్టునపుడు ఇది మఱింత నిజము. వట్టికాలిపై పడిన మందును వెంటనే కడుగవచ్చును. చీలిన బూటులో చేరిన మందు పాదమునకు పట్టువేసినట్లు ప్రొద్దుగ్రుంకు వఱకు అంటియుండును. వేడికి, చెమటకు చర్మము దానిని మఱింత పీల్చుకొనును. కావున మందు పనికి చీలిన బూటు వట్టికాలికంటెను అపాయకరము కావచ్చును.

గుర్తుపట్టు విధము

కొందఱు సంవత్సరమునకొక జోడు అని లెక్క పెట్టుకొందురు. ఈ లెక్క సరికాదు. రాతినేలలో నడచువాని జోడు ఆఱు నెలలకే చెడవచ్చును. అప్పుడప్పుడు తొడుగువానిది రెండేండ్లు నిలువవచ్చును. నెలలను గాక జోడును చూడవలెను.

తోలు చెప్పులు: మడమ క్రిందను, మునివేళ్ళ క్రిందను అట్టను బొటనవ్రేలితో నొక్కి చూడుడు. వ్రేలు సులభముగ దిగబడినచో అట్ట పలుచనైనదని అర్థము. పైతోలు, ఉంగుటము గట్టిగా నున్నచో క్రొత్త అట్ట వేయింపవచ్చును. కుట్ల యొద్ద తోలు పొడిపొడిగ రాలుచున్నచో ఆ చెప్పులను విడువవలెను. తోలు మందును దూదివలె పీల్చుకొనును, ఎంత కడిగినను వదలదు. అందుచే మందు పనికి తోలుజోడు పనికిరాదు. మందుతో తడిసినదానిని మరల తొడుగరాదు.

హవాయి చెప్పులు: ఇవి ఇంటికేగాని పొలమునకు తగినవి గావు. తుమ్మముల్లు వీని అడుగును క్రొత్తలోనే దూసికొని రాగలదు. అడుగున గీతలు అరిగి నున్ననైనచో తడిగట్టుపై జాఱుట తథ్యము.

రబ్బరు బూట్లు: మందు పనికిని, రాత్రి నీరు కట్టుటకును ఇవి మేలైనవి. మడత పడుచోట వంచి చూచినచో పగుళ్ళు కనబడును. కనబడని చిల్లిని కనిపెట్టుటకు బూటునిండ నీరు పోసి, వెలుపల పొడిగుడ్డతో తుడిచి, పాత కాగితముపై పావుగంటసేపు నిలుపుడు. కాగితము తడిసినచో బూటు కాఱుచున్నది. అట్టి బూటుకు సైకిలు ట్యూబుకు వేయునట్టి అతుకు వేయించి బురదలో తిరుగవచ్చును. మందు పనికి మాత్రము తొడుగరాదు. రబ్బరు జిగురుగ గాని, పెళుసుగ గాని మారినచో అతుకునకు గూడ పనికిరాదు.

ఇనుప టోపీ గల బూట్లు: గిడ్డంగులలోను, ధాన్యపు మిల్లులలోను బరువులెత్తు హమాలీలకు ఇవి అవసరము. ఐ.ఎస్. 15298 అను భారత ప్రమాణము ననుసరించి చేసిన రక్షణ బూటు వ్రేళ్ళపై నుండు టోపీ 200 జౌళ్ళ దెబ్బకు, అనగా సుమారు ఒక మీటరు ఎత్తునుండి 20 కిలోల బరువు పడిన దెబ్బకు, తాళవలెను. ఒకమారు పెద్ద బరువు పడినచో పైతోలు చక్కగా నున్నను ఆ బూటును మార్చవలెను. లోపలి టోపీ మఱియొక దెబ్బకు నిలుచునని నమ్మరాదు. తోలు చిరిగి ఇనుము బయటపడినను ఇంతే. పాలియురితేను అడుగు గల బూట్లు కొని మూలనుంచినను తేమ వలన ఏండ్లు గడచుకొలది పొడియై రాలిపోవును. అందుచే పాత నిలువలోని బూటును పరీక్షింపకుండ తొడుగరాదు.

ఏ జోడునైనను చదునైన బల్లపై నిలిపి వెనుకనుండి చూడుడు. మడమ ఒక ప్రక్కకు ఒఱగియున్నచో కాలు మడతపడును. మోకాలికి, నడుమునకు నొప్పి కలుగవచ్చును. మధుమేహము వలన పాదము మొద్దుబాఱినవారు ప్రతిదినము జోడు లోపల చేయి పెట్టి తడవి చూడవలెను. లోనికి దిగిన మేకు వారికి తెలియదు. పుండు పడిన పిదపగాని బయటపడదు.

మందు పని ముగిసిన పిదప బూట్లను విప్పకమునుపే వెలుపల సబ్బునీటితో కడుగవలెను. పంట్లాము అంచులు బూట్ల లోపల గాక వెలుపల నుండవలెను. లేనిచో కాఱిన మందు లోనికే పోవును. కడిగిన బూట్లను తలక్రిందుగ నీడలో ఆరవేసి, తొడుగుటకు ముందు దులుపవలెను. తేళ్ళు అందు దాగవచ్చును.

కొన్ని హద్దులు

వరి నాట్ల బురదలో జోడు సాగదని మేమెఱుగుదుము. బురదనుండి వెలికి వచ్చినవెంటనే కాళ్ళు కడిగి, తుడిచికొని, జోడు తొడుగుట నేర్చుకొనిన చాలును. రబ్బరు బూట్లున్నవను ధైర్యముతో తడిచేతులతో మోటారు స్టార్టరును ముట్టరాదు. పొలపు బూటు విద్యుత్తునుండి కాపాడునని నమ్మరాదు. బూట్లున్నను రాత్రి టార్చిలైటును విడువరాదు. పాము కఱచినచో గాయమును కోయక, మంత్రములకై తిరుగక, తిన్నగా ఆసుపత్రికి పోవలెను.

సంఘము చేయదగినది

మనలో ఒక ఆచారము గలదు. యజమాని అరిగిన జోడును విడిచి పాలేరునకిచ్చును. మంచి బుద్ధితోనే ఇచ్చును గాని, తన కాలిని కాపాడజాలని జోడు పాలేరు కాలిని ఎట్లు కాపాడును? ముండ్లలో ముందు నడచువాడు పాలేరే గదా! కలుపు తీయు స్త్రీలకును, మందు కొట్టు కూలీలకును పనిముట్లు ఇచ్చునట్లే మంచి జోడును ఇచ్చుట రైతునకు విధి. పనికిరాని జోడును మఱియొకరు ఏఱుకొని తొడుగకుండ రెండు ముక్కలుగ కోసి పారవేయవలెను.

ఏరువాక పున్నమినాడు నాగళ్ళను సరిచూచుకొనునట్లే ఇంటిలోని జోళ్ళన్నిటిని సరిచూచుట వాడుక చేసికొనుడు. మందు చల్లు దినములకు ముందు మఱియొకసారి చూడుడు. విత్తనములకు, ఎరువులకు ముందుగా పేర్లు వ్రాయించుకొనునట్లే సభ్యుల కాలి కొలతలు వ్రాయించుకొని సంఘము టోకున రబ్బరు బూట్లు తెప్పించినచో ధర తగ్గును, సరకు పరీక్షించి తీసికొనుటకును వీలగును. రాబోవు సభ్యుల సమావేశమున ఈ విషయమును చర్చింప గోరుచున్నాము.