‘ప్లగిన్‌’ పేరిట వల.. నొక్కితే చిక్కే!

కుందుర్పి: పాత డెస్క్‌టాప్‌ కంప్యూటరులో వీడియో తెరవబోతే ‘ఫ్లాష్‌ ప్లేయర్‌ లేదు, ఇక్కడ నొక్కి ఇన్‌స్టాల్‌ చేసుకోండి’ అనే సూచన కనిపిస్తే దాని జోలికి పోరాదు. ఫ్లాష్‌ను నిర్వహిస్తూ వచ్చిన అడోబ్‌ సంస్థ 2020 డిసెంబరు 31తో దానికి స్వస్తి పలికింది. అంతకుముందే కంప్యూటరులో ఉన్న ప్లేయరు సైతం 2021 జనవరి 12 నుంచి పనిచేయకుండా కట్టడి చేసింది. కనుక నేడు వచ్చే ‘అప్‌డేట్‌’ దాదాపుగా మోసగాళ్ల పన్నాగమే.

తొలినాళ్లలో బ్రౌజరు అక్షరాలను, కదలని బొమ్మలను మాత్రమే చూపగలిగేది. బోరు మోటారుకు స్టార్టరు విడిగా బిగించినట్లు, శబ్దానికి, వీడియోకు ప్లగిన్‌ అనే చిన్న ప్రోగ్రామును తగిలించాల్సి వచ్చేది. డౌన్‌లోడ్‌ చేసి, బ్రౌజరును మూసి, ఇన్‌స్టాల్‌ చేసి, తిరిగి తెరవాలి. నడుమ కరెంటు పోయిందా, కథ మొదటికే! తెలుగు పాఠకులకు మరో తిప్పలు కూడా ఉండేది. ఒక్కో పత్రికది ఒక్కో ఫాంటు కావడంతో ఫైర్‌ఫాక్స్‌లో చదివేందుకు వెన్న నాగార్జున రూపొందించిన ‘పద్మ’ ఆదుకునేది. యూనికోడ్‌ వ్యాప్తితో ఆ అవస్థ తీరింది.

వీడియోల విషయంలోనూ అదే జరిగింది. 2014 అక్టోబరులో ఖరారైన హెచ్‌టీఎంఎల్‌-5 ప్రమాణంతో శబ్దం, వీడియో బ్రౌజరులోనే అంతర్భాగమయ్యాయి. భద్రతా లోపాల దృష్ట్యా పాత తరహా ప్లగిన్లను, ఫ్లాష్‌ మినహా, క్రోమ్‌ 2015లో, ఫైర్‌ఫాక్స్‌ 2017లో నిలిపివేశాయి.

అసలు ముప్పు వేరే ఉంది. ఇన్‌స్టాల్‌ చేసిన ప్రోగ్రాముకు కంప్యూటరులోని ఫైళ్లు అందుబాటులోకి వస్తాయి. టైపు చేసే పాస్‌వర్డులను దొంగిలించే ప్రోగ్రాములు ఈ ముసుగులోనే చొరబడతాయి. కుందుర్పి వంటి కరవు మండలంలో ఒకే కంప్యూటరుపై పదిమంది రైతుల ఆధార్‌, బ్యాంకు ఖాతా వివరాలు నమోదయ్యే చోట ఒకరు పొరపాటున నొక్కినా నష్టం అందరిదీ. సొమ్ము పోయినట్లు తెలిసిన వెంటనే, గంటలు గడవనీయక, 1930 నంబరుకు ఫోన్‌ చేయాలి.

వీడియో కదలకుంటే ముందుగా బ్రౌజరు సహాయ విభాగంలోని ‘అబౌట్‌’ తెరవాలి. కొత్త వెర్షన్‌ ఉంటే అక్కడే దిగుతుంది. మరీ పాత విండోస్‌లో ఈ మార్గం మూసుకుపోయింది. విండోస్‌-7కు క్రోమ్‌ కొత్త వెర్షన్లు 2023 నుంచి రావడం లేదు. కంట్రోల్‌ ప్యానెల్‌లో ఇంకా ఫ్లాష్‌ ఉంటే తొలగించాలని అడోబ్‌ సంస్థే సూచించింది.

పాత పాఠాల సీడీల్లో ‘ఎస్‌డబ్ల్యూఎఫ్‌’ ఫైళ్లు ఉన్న ఉపాధ్యాయులు వాటిని పారవేయనక్కర్లేదు. ‘రఫుల్‌’ అనే ఉచిత ప్రోగ్రామును దాని అధికారిక సైటు నుంచే తీసుకుంటే చాలా ఫైళ్లు ఆడతాయి. ఇంటర్నెట్‌ ఆర్కైవ్‌ సైతం 2020 నవంబరు నుంచి పాత ఫ్లాష్‌ బొమ్మలను దీని సాయంతోనే చూపుతోంది.