గొల్లకావడి కనిపించిందా?

సంక్రాంతి సెలవులకు ముందు ఒక రాత్రి, హోసూరు దగ్గరి మా బడి ఆవరణలో పిల్లలకు ఆకాశం చూపించాం. వరుసగా ఉన్న 3 చుక్కలను చూడగానే "ఓరియన్ బెల్ట్" అన్నారు. మనవణ్ని తీసుకెళ్లడానికి వచ్చిన ఒక అవ్వ మాత్రం "అది గొల్లకావడి గదరా! నడుమ గొల్లోడు, రెండు పక్కలా పాలకుండలు" అంది. ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతున్న మాకూ ఆ పేరు తట్టలేదు.

జనవరిలో వెన్నెల లేని రోజు రాత్రి 8 గంటలకు తూర్పుముఖంగా నిలబడి పైకి చూడండి. గొల్లకావడికి ఎడమవైపు ఎర్రటి చుక్క ఆరుద్ర, కుడివైపు తెల్లటిది రీగెల్. కావడి గీతను పైకి సాగిస్తే రోహిణి, ఇంకా పైన, దాదాపు నడినెత్తిన, గుంపుగా కృత్తికలు. మన పెద్దల మాటలో పిల్లలకోడి. పున్నమి చంద్రుడు కృత్తికల దగ్గర ఉండే నెలే కార్తీకం.

అదే గీతను కిందికి సాగిస్తే ధగధగలాడే సిరియస్. దాని వెలుగు మనల్ని చేరడానికి సుమారు 8.6 ఏళ్లు పడుతుంది. అంటే మా 9వ తరగతి పిల్లలు 1వ తరగతిలో చేరిన రోజుల్లో బయల్దేరిన వెలుగును వాళ్లు ఇప్పుడు చూస్తున్నారు.

పరీక్షలో ఓరియన్ అనే రాయాలి, సరే. గొల్లకావడి మాత్రం ఇంట్లో అవ్వాతాతల నోట్లోనే ఉంది. ఈ వారం వాళ్లతో పాటు పిల్లల్ని మిద్దె ఎక్కించండి. వాళ్లు చెప్పిన చుక్కల పేర్లు నోటుపుస్తకంలో రాయించి బడికి పంపండి. మేమూ నేర్చుకుంటాం.