తులసికి చుట్టం సబ్జా

పాతబస్తీలో కొన్ని ఇళ్ల ముంగిట కోటలో తులసి పెరుగుతుంది. వేసవిలో చార్మినార్ పరిసరాలలో అమ్మే ఫలూదాలో సబ్జా గింజలు మెరుస్తుంటాయి. సబ్జానిచ్చే మొక్కను తెలుగులో రుద్రజడ, ఉర్దూలో రైహాన్ అంటారు. పేర్లు వేరగుటచే చుట్టరికం మరుగున పడింది గాని, ఈ రెండూ లేమియేసీ కుటుంబంలోని ఆసిమమ్ ప్రజాతికి చెందినవే. ఉష్ణమండలమంతటా వ్యాపించిన ఈ ప్రజాతిలో 60కి పైగా జాతులున్నాయి.

లేత కాండాన్ని వేళ్ల మధ్య త్రిప్పి చూడండి: నాలుగు పలకలు తగులుతాయి. ఆకులు కణుపునకు రెండేసి ఎదురెదురుగా పుడతాయి. వాటి గ్రంథులలోని తైలమే పరిమళానికి మూలం. పూలు సాధారణంగా ఆరేసి చొప్పున వలయంగా అమరుతాయి. పువ్వుకు రెండు పెదవులు, నాలుగు కేసరాలు. ఇదే కుటుంబానికి చెందిన తుమ్మిపూవులో కేసరాలు పై పెదవి క్రింద దాగి ఉండగా, ఆసిమమ్‌లో క్రింది పెదవిపైకి వాలి ఉంటాయి. ప్రజాతిని గుర్తించుటకు సువాసన కంటె ఈ లక్షణమే నమ్మదగినది.

మనం సబ్జా గింజ అనుకొనేది నిజానికి ఫలం. అండాశయం నాలుగు భాగాలై, ఒక్కొక్కటి ఏకవిత్తన చిరుఫలమవుతుంది. దాని పైపొర కణాలలోని జిగురు నీటిని పీల్చి ఉబ్బుతుంది. పొడినేలపై రాలిన విత్తనాన్ని మట్టికి అంటించి, మొలకకు తేమ నిలిపేదీ ఆ జిగురే.